గురి తప్పలేదు... కానీ అది ఆడమేక!

మా టీమ్‌లో ఒకాయన ఉన్నాడు. అమెరికన్. యాభై దాటాయి. డేటాబేస్‌ల పని. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయి అందరం కాల్‌లో అరుచుకుంటున్నా గొంతు పెంచని మనిషి. పోయిన ఏడాది సెప్టెంబర్‌లో పది రోజులు లీవ్ పెట్టి కొండల్లోకి వేటకి వెళ్లాడు. వచ్చాక "ఎలా జరిగింది?" అని అడిగితే, "మేక దొరికింది" అని అక్కడితో ఆపేశాడు. ఫొటో చూపించలేదు. వేటకి వెళ్లొచ్చిన వాడు ఫొటో చూపించలేదంటే ఏదో జరిగిందనే కదా!

రెండు వారాల తర్వాత ఒక రోజు కాఫీ దగ్గర తనే చెప్పాడు. "అది ఆడది. నేను మగదనుకున్నాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. పోలీస్ కేసా అని అడిగాను. కాదు. ఫైన్ ఉందా? లేదు. లైసెన్స్ పోయిందా? పోలేదు. చట్టం ప్రకారం అంతా కరెక్టే. మరి ఈ మనిషి మొహం ఎందుకలా ఉంది?

ఆ ప్రశ్న పట్టుకుని నేను చాలా దూరం వెళ్లాను. ఈ వ్యాసం అదే.

ముందు ఆ మేక సంగతి

నేనుండేది సియాటిల్ పక్కన. ఇక్కడి మన తెలుగువాళ్లలో ట్రెక్కింగ్ పిచ్చి ఉన్నవాళ్లకి ఎన్‌చాంట్‌మెంట్స్ అనే చోటు తెలిసే ఉంటుంది. కాస్కేడ్ పర్వతాల్లో పైన సరస్సులు, తెల్లటి రాళ్లు. ఆ రాళ్ల మీద మంచు ముద్దల్లా తెల్లటి జంతువులు కనిపిస్తాయి. అవే మౌంటెన్ గోట్స్. మనం మూత్రం పోసిన చోటుకి వచ్చి నేల నాకుతాయి. ఉప్పు కోసం. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎదురుగా వచ్చి నిలబడ్డాక నవ్వు ఆగింది. కత్తుల్లాంటి నల్లటి కొమ్ములు. 50 గజాల దూరంలో ఉండమని బోర్డులు పెట్టేది ఊరికే కాదు. 2010లో ఒలింపిక్ నేషనల్ పార్క్‌లో ఒక మగ మేక పొడిస్తే ఒక ట్రెక్కర్ చనిపోయాడు.

పేరుకే మేక. మన ఇళ్ల దగ్గరి మేకల జాతి కాదు ఇది, దూరపు చుట్టం. అలాస్కా, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, అల్బర్టా, అమెరికాలో వాషింగ్టన్, ఐడహో, మోంటానా... వీటి సొంత ఊళ్లు ఇవి. ప్రపంచంలో ఉన్నవాటిలో సగానికి పైగా ఒక్క బ్రిటిష్ కొలంబియాలోనే ఉంటాయి. తోడేళ్లు, కొండ సింహాలు ఎక్కలేని రాతి గోడల మీద బతకడం వీటి విద్య. అలాస్కా తీరంలో ట్లింగిట్ తెగవాళ్లు నేసే చిల్కాట్ కంబళ్లకి నూలు ఈ మేకల ఉన్నే. సెడార్ చెట్టు బెరడుతో కలిపి వడుకుతారు. అంటే వీటికీ మనిషికీ మధ్య లెక్క తుపాకీతో మొదలైంది కాదు.

ఇక్కడి వేటగాళ్లు మగదాన్ని బిల్లీ అంటారు, ఆడదాన్ని నానీ అంటారు. (మన హీరో కాదు. నేనూ మొదట నవ్వాను.) మనం పోతు, ఆడమేక అనుకుందాం.

పర్మిట్ దొరకడం మాటలా?

మనకి హెచ్‌1బీ లాటరీ ఎలాగో, వాషింగ్టన్ రాష్ట్రంలో వేటగాళ్లకి ఈ మేక పర్మిట్ అలాగ. ఏటా డబ్బు కట్టి అప్లై చేయాలి. పేరు వస్తే వచ్చినట్టు, లేకపోతే మళ్లీ ఏడాది. లాటరీలో ఒకసారి తగిలిందా, ఇక జీవితంలో రెండోసారి ఇవ్వరు. మావాడు పదకొండేళ్లు అప్లై చేశాడు.

"వేట ఎందుకసలు?" అని మీరు అడుగుతారు. మన దేశంలో 1972 చట్టం వచ్చాక వేట అంటే మనకి సినిమా హీరోల కేసులే గుర్తొస్తాయి. ఇక్కడ వ్యవహారం వేరు. 1937 నుంచి తుపాకులు, తూటాల మీద కట్టే ప్రత్యేక పన్ను అడవి జంతువుల సంరక్షణకే వెళ్తుంది. ఎన్ని జంతువులున్నాయో లెక్కపెట్టేదీ, ఎన్నింటిని వేటాడొచ్చో చెప్పేదీ ప్రభుత్వ శాఖలే. నచ్చినా నచ్చకపోయినా ఇక్కడి పద్ధతి అది. వేట ఉండాలా వద్దా అనేది పెద్ద గొడవ. అది ఇంకోసారి. ఇవాళ్టి ప్రశ్న చిన్నది: వేట ఉన్నచోట, ఆడదాన్ని కొట్టొచ్చా?

వాషింగ్టన్ నియమం ఏమంటుందంటే, నాలుగు అంగుళాలు దాటిన కొమ్ములున్న పెద్ద మేక ఏదైనా సరే, ఆడదైనా మగదైనా. కానీ అదే శాఖ, పిల్ల వెంట ఉన్న ఆడమేకని దయచేసి కొట్టొద్దని కోరుతుంది. గమనించారా? ఒకటి రూలు, ఒకటి రిక్వెస్ట్. మావాడు చిక్కుకుంది సరిగ్గా ఈ రెండింటి మధ్యలో.

మగదో ఆడదో తెలియదా?

ఇదే నా రెండో తెలివితక్కువ ప్రశ్న. లేడికి కొమ్ములుండవు, మగ దుప్పికి ఉంటాయి, అంత తేలికేమో అనుకున్నాను. కాదు. ఈ మేకల్లో ఇద్దరికీ కొమ్ములుంటాయి, ఇద్దరికీ గడ్డం ఉంటుంది, ఇద్దరూ తెలుపే. పొడవు చూసి చెబుదామంటే ఆడదాని కొమ్ము మగదానికంటే పొడుగ్గా ఉన్నా ఆశ్చర్యం లేదు. పెద్ద కొమ్ములు కనపడగానే ఆశపడి కొట్టేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

తేడా మందంలో ఉంటుంది. పోతు కొమ్ము మొదట్లో లావుగా ఉండి, రెండు కొమ్ములూ దాదాపు ఆనుకున్నట్టుంటాయి. వంపు కింద నుంచి పైదాకా నెమ్మదిగా తిరుగుతుంది. ఆడదాని కొమ్ము సన్నం. రెండింటి మధ్య ఖాళీ ఎక్కువ. నిటారుగా వెళ్లి, కొస దగ్గర ఒక్కసారిగా వెనక్కి వంగుతుంది. ఇది పుస్తకంలో బొమ్మ పక్కన బొమ్మ పెడితే తెలుస్తుంది. మూడొందల గజాల అవతల, గాలిలో, పక్కన పోల్చుకోవడానికి ఇంకో మేక లేకుండా చెప్పమంటే?

అన్నింటికంటే నమ్మకమైన గుర్తు ఏంటో తెలుసా? మూత్రం పోసే తీరు. ఆడది వెనక కాళ్లు ముడిచి కూర్చుంటుంది. పోతు నిలబడే ముందుకి సాగుతుంది. అంటే స్కోప్ పెట్టుకుని ఆ మేకకి ఎప్పుడొస్తుందా అని గంటలు గంటలు కాచుకోవాలి. నవ్వులాటగా ఉంది కానీ అలాస్కా వన్యప్రాణి శాఖ వేటగాళ్లకి చెప్పే మాటల్లో ఇదీ ఒకటి. ఓపిక లేని వాడికి ఈ వేట కాదు.

ఇంకో తప్పుడు నమ్మకం ఉంది: ఒంటరిగా ఉంటే పోతే అని. పోతులు ఎక్కువగా ఒంటరిగానో ఇద్దరు ముగ్గురుగానో తిరుగుతాయి, ఆడవి పిల్లలతో గుంపుగా ఉంటాయి. ఇది నిజమే. కానీ "ఎక్కువగా" అన్న మాట ఉంది చూశారూ, ప్రొడక్షన్‌లో బగ్‌లన్నీ ఆ మాట వెనకాలే దాక్కుంటాయి. ఒంటరి ఆడమేకలూ ఉంటాయి.

మావాడికి దొరికింది అలాంటిదే. మూడో రోజు సాయంత్రం. రాతి అరుగు మీద ఒక్కతే పడుకుని ఉంది. నలభై నిమిషాలు చూశాడట. లేవలేదు. వెలుతురు పోతోంది. లేచింది. పక్కకి తిరిగింది. కొమ్ములు లావుగానే కనిపించాయి. "నాకు కనిపించాయి అనకు," అన్నాడు నాతో, "నేను కనిపించాలనుకున్నాను."

ఒక్క తూటా. పడిపోయింది. దగ్గరికెళ్లాక టార్చ్ వెలుగులో పొదుగు కనపడింది.

కొమ్ము మీద వలయాలుంటాయి, చెట్టు మానులో ఉన్నట్టు. లెక్కపెట్టి ఒకటి కలిపితే వయసు. ఆరు వలయాలు. ఏడేళ్లు.

ఎక్సెల్ షీట్‌లో ఒక ఆడమేక

ఏడేళ్లంటే ఏంటి? ముసలిదా, పడుచుదా? ఇక్కడ నేను నా అలవాటు ప్రకారం లెక్కల్లో పడ్డాను.

మన ఊళ్లో మేక ఏడాది దాటగానే చూడి కడుతుంది. రెండేళ్లలో మూడు ఈతలు, ఈతకి ఇద్దరు పిల్లలు మామూలే. ఇక్కడి తూర్పు రాష్ట్రాల్లో మనవాళ్ల ఇళ్ల వెనక గార్డెన్ మొత్తం తినేసిపోయే తెల్లతోక జింక అయితే రెండేళ్లకే ఈనుతుంది, కవలలు సర్వసాధారణం. అందుకే జింకల విషయంలో ప్రభుత్వాలే ఆడవాటిని కొట్టమని ప్రత్యేక పర్మిట్లు ఇస్తాయి. లేకపోతే సంఖ్య ఆగదు.

మౌంటెన్ గోట్ వేరే ప్రపంచం. అల్బర్టాలో కా రిడ్జ్ అనే కొండ మీద మార్కో ఫెస్టా-బియాంకె, స్టీవ్ కోటె అనే శాస్త్రవేత్తలు ఒకే మందని ఏళ్ల తరబడి, ఒక్కో మేకనీ విడిగా గుర్తుపట్టి గమనించారు. 2008లో దాని మీద పుస్తకం కూడా వచ్చింది. వాళ్లు చూసింది ఇది: ఆడమేక మొదటిసారి ఈనేసరికి సగటున నాలుగు, అయిదేళ్లు. ఒక్కటే పిల్ల, కవలలు అరుదు. అది కూడా ప్రతి ఏడూ కాదు. మధ్యలో ఒక ఏడాది ఆగుతుంది.

సరే, నా షీట్ తెరుద్దాం. ఇక్కడ నేను వేసినవి ఉజ్జాయింపు అంకెలు, ఒక మోస్తరు మంద కోసం. అయిదో ఏట మొదలుపెట్టి పన్నెండు దాకా బతికిందనుకోండి. ఎనిమిదేళ్లలో ఆరు పిల్లలు. మొదటి ఏడాది గట్టెక్కేవి నూటికి అరవై అనుకుందాం. ఆరులో 3.6. అందులో సగం ఆడవి. 1.8. అవి మళ్లీ అయిదేళ్లు వచ్చి ఈనాలంటే ఇంకో నాలుగు చలికాలాలు దాటాలి. ఏటా నూటికి 85 బతుకుతాయనుకుంటే చివరికి మిగిలేది 0.94.

ఒక్క ఆడమేక. జీవితమంతా కష్టపడి, మంచుని, డేగల్ని, తోడేళ్లని తప్పించుకుని, తన చోట్లో ఇంకో ఆడమేకని నిలబెట్టగలిగితే గొప్ప. అది కూడా పన్నెండేళ్లు బతికితేనే. 85ని 80 చేసి చూడండి, మంద కరిగిపోతుంది. నేను చేశాను. షీట్ మూసేశాను.

ఏడేళ్లది అంటే నా షీట్ ప్రకారం ఆరు పిల్లల్లో నాలుగు ఇంకా కనాల్సినవి. అప్పుడర్థమైంది ఆ మొహం.

ఇంకో మాట. "పిల్ల వెంట లేదు కదా, గొడ్డు మేకే కదా, పోతే ఏంటి?" అనే వాదన వేటగాళ్లలో వినిపిస్తుంది. నాకిది నచ్చలేదు. ఈ ఏడు పిల్ల లేకపోవడానికి సవాలక్ష కారణాలు. వయసు రాకపోయి ఉండొచ్చు. పుట్టిన పిల్ల చనిపోయి ఉండొచ్చు. ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుని వచ్చే ఏటికి సిద్ధమవుతూ ఉండొచ్చు. ఆ ఏడాది లీవ్‌లో ఉన్న ఉద్యోగిని పనికిరానివాడని తీసేసినట్టు ఉంటుంది ఆ లెక్క.

ఒకప్పుడు ఈ లెక్క ఎవరికీ తెలియలేదు

పాత రోజుల్లో ఈ మేకల్ని కూడా జింకల్లాగే చూశారు. కొన్నింటిని కొడితే మిగతావాటికి మేత ఎక్కువ దొరుకుతుంది, ఎక్కువ ఈనుతాయి, సరిపోతుంది అని. జింకల్లో కొంతవరకు నడిచే సూత్రం అది. వీటిలో నడవలేదు. అల్బర్టాలో మందలు పడిపోయి 1987లో వేట పూర్తిగా ఆపేశారు. 2001 దాకా తెరవలేదు. తెరిచాక కూడా చాలా కొద్ది పర్మిట్లే. అక్కడి 12 మందల మీద 2006లో వచ్చిన అధ్యయనం చెప్పింది వింటే ఆశ్చర్యమేస్తుంది: చాలా మందలు ఏటా ఒక్క శాతం మించిన వేటని కూడా తట్టుకోలేవు. వందకి ఒకటి!

వాషింగ్టన్‌లోనూ అదే కథ. కాస్కేడ్స్‌లో మందలు తగ్గడానికి గత దశాబ్దాల అతి వేట ముఖ్య కారణమని తర్వాత పరిశోధకులు తేల్చారు. ఇప్పుడు 100కి తక్కువ ఉన్న మందలో వేటే ఉండదు. ఉన్నచోట వందకి నాలుగు మించకూడదు, చనిపోయేవాటిలో ఆడవి మూడోవంతు లోపే ఉండాలి అని పెట్టుకున్నారు.

రోడ్లు కూడా ఒక కారణమే. కలప కోసమో గనుల కోసమో ఒక కొత్త రోడ్డు కొండ దాకా వస్తే, ఆ కొండ మీది మంద ఖర్మ కాలినట్టే. అందరూ దగ్గర్లో ఉన్న మందకే వెళ్తారు కదా. పక్క కొండ నుంచి కొత్త ఆడమేకలు వచ్చి ఖాళీని నింపుతాయని అనుకోవద్దు. అవి పుట్టిన కొండని అంత తేలిగ్గా వదలవు.

నాకు బాగా నచ్చింది అలాస్కా ఆగ్నేయ ప్రాంతంలో పెట్టిన పద్ధతి. పాయింట్ల సిస్టమ్. గేమ్‌లా ఉంటుంది కానీ తెలివైనది. వంద మేకలకి ఆరు పాయింట్లు. పోతుని కొడితే ఒక పాయింట్ ఖర్చు. ఆడదాన్ని కొడితే రెండు. పాయింట్లు అయిపోతే ఆ ఏటికి అక్కడ వేట బంద్. అంటే ఒక కొండ మీద ఆరు పోతులైనా దొరకొచ్చు, లేదా మూడు ఆడమేకలతో సీజన్ మూసేయాల్సి రావచ్చు. ఒకడు తొందరపడితే ఇంకో వేటగాడి అవకాశం పోతుంది. అప్పుడు ఆడదాన్ని వదిలేయమని అటవీ అధికారి చెప్పక్కర్లేదు, పక్కవాడే చెప్తాడు. కినాయ్ ద్వీపకల్పంలో ఇంకా గట్టిగా ఉంది. అక్కడ ఆడదాన్ని కొడితే అయిదేళ్లు ఆ ప్రాంతంలో మళ్లీ మేక వేటకి వెళ్లడానికి లేదు.

ఇది ఒకే నాణెం కాదు

ఇక్కడికొచ్చేసరికి నేను కూడా "ఆడమేకని కొట్టడం పాపం" అని జెండా ఎత్తేద్దామనుకున్నాను. అలా ఎత్తడానికి కుదరలేదు.

ఒలింపిక్ ద్వీపకల్పం చూడండి. సియాటిల్ నుంచి ఫెర్రీ ఎక్కితే అవతల కనపడేదే. అక్కడ ఈ మేకలు సహజంగా లేవు. 1920ల్లో వేట కోసం ఓ డజను తెచ్చి వదిలారు. అప్పటికి అది నేషనల్ పార్క్ కూడా కాదు. 1980ల మొదటికి వెయ్యి దాటాయి. ఆ కొండల మీద తప్ప ఎక్కడా పెరగని మొక్కల్ని తొక్కేసి, తినేసి, నేలంతా తవ్విపోశాయి. చివరికి 2018 నుంచి 2020 మధ్య హెలికాప్టర్లతో 325 మేకల్ని పట్టి, కళ్లకి గంతలు కట్టి, వాటి జాతి అసలు ఊరైన కాస్కేడ్స్‌కి తరలించారు. పట్టలేకపోయిన కొన్నింటిని కాల్చేశారు. వ్యోమింగ్‌లోని గ్రాండ్ టీటన్ పార్క్‌లోనూ 2020లో అదే పని. అక్కడ కొండగొర్రెల పాత మందకి వీటి వల్ల రోగాలు, మేత పోటీ వస్తాయని భయం.

అలాస్కాలోని కోడియాక్ దీవిలో 1950ల మొదట్లో వదిలినవి 18. ఇప్పుడు వేలల్లో. ఉటాలో 1967లో తెచ్చి వదిలారు. అక్కడైతే ఏకంగా ఆడమేకలకి మాత్రమే అని పర్మిట్లు ఇస్తారు. ఎందుకంటే పోతుల్ని ఎన్ని కొట్టినా మంద తగ్గదు. మంద తగ్గాలంటే ఆడవాటినే కొట్టాలి.

అదే జంతువు. అదే తూటా. ఒక కొండ మీద చేయకూడని పని, ఇంకో కొండ మీద చేయాల్సిన పని. కాబట్టి ఆడదా మగదా అన్నది ఒక్కటే తెలిస్తే చాలదు, అది ఏ కొండ, మంద ఎంత, పెరుగుతోందా తరుగుతోందా అన్నది తెలిసి మాట్లాడాలి. తల్లిని చంపడం మహాపాపం, పోతుని చంపితే ఫర్వాలేదు అనే సెంటిమెంట్ నాకు మింగుడుపడదు. చచ్చిపోయే పోతుకి నొప్పి తక్కువా? నేను ఆదివారం మటన్ తినేవాడిని, నీతులు చెప్పే అర్హత లేదు. కానీ మందకి ఎంత నష్టం అనేది సెంటిమెంట్ కాదు, తీసివేత.

పిల్ల వెంట ఉన్నదాని విషయంలో మాత్రం నాకు రెండో మాట లేదు. మే చివర్లో, జూన్‌లో పుట్టిన పిల్ల సెప్టెంబర్‌కి గడ్డి తింటుంది, నిజమే. కానీ దాదాపు ఏడాది దాకా తల్లి వెంటే తిరుగుతుంది. ఈ మేకల్లో ఆడవాటి మధ్య పెద్ద చిన్న వరుస గట్టిగా ఉంటుంది. కొమ్ములతో తోసేసుకుంటాయి. తల్లి పక్కన లేని పిల్లకి మొదటి చలికాలం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అలాస్కాలో, ఐడహోలో పిల్ల వెంట ఉన్న తల్లిని కొట్టడం నేరం. వాషింగ్టన్ దీన్ని రిక్వెస్ట్‌గా వదిలేయడం నాకు నచ్చలేదు.

దీనికి తోడు ఇప్పుడు వాతావరణం. అలాస్కా తీరంలో 17 ఏళ్ల పాటు 421 మేకలకి కాలర్లు కట్టి చేసిన పరిశోధన 2024లో వచ్చింది. ప్రాంతాన్ని బట్టి చావుల్లో 23 నుంచి 65 శాతం హిమపాతాల వల్లేనట. కొండచరియలా మంచు జారి మీద పడటం. దానికి ముసలీ ముతకా తేడా లేదు, మంచి వయసులో ఉన్నవాటినీ తీసుకుపోతుంది. వేట కోటా వేసే అధికారి ఈ ఏడు ఎంత మంచు జారుతుందో ముందే ఎలా చెప్పగలడు? అందుకే కోటాలు అంత పిసినారిగా ఉంటాయి.

నాన్నకి ఫోన్ చేస్తే

మాది సిద్దిపేట దగ్గర పల్లె. ఇదంతా చదివి బుర్ర వేడెక్కి, ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకి చెప్పడం మొదలుపెట్టాను. రీసెర్చ్ పేపర్, పాయింట్లు, శాతాలు. నాన్న అంతా విని అన్నాడు, "ఈనే మేకను ఎవడన్న కోస్తడా బిడ్డా? మంద ఎట్ల పెరుగుతది?"

అంతే. నా షీట్ మొత్తం ఒక్క ముక్కలో.

మా వాడలో గొర్రెలు, మేకలు కాసేవాళ్లుండేవారు. పోతుపిల్లలు కటిక దుకాణానికి పోయేవి, పెంటిపిల్లలు మందలో ఉండేవి. ఇదెవరూ నేర్పలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పెట్టినప్పుడు ఒక యూనిట్ అంటే 20 గొర్రెలు, 1 పొట్టేలు. అందులోనూ అదే లెక్క.

కానీ నాన్నతో ఒకటి ఒప్పుకోలేకపోయాను. మా వాడలో మేక ఆడదో మగదో కాళ్ల మధ్య చూసి చెప్తారు. పట్టుకుని చూస్తారు. ఇక్కడ మూడొందల గజాల దూరం, మధ్యలో లోయ, పదకొండేళ్ల ఎదురుచూపు, ఇంకో అరగంటలో చీకటి. తెలిసినంత మాత్రాన చేతి వేలు ఆగుతుందా? నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ కూర ఏం జేసిండు?" అన్నాడు.

కూర సంగతి చెప్పాలి. ఇక్కడ మాంసం కొండ మీద వదిలేసి కొమ్ములు మాత్రం తెచ్చుకుంటే నేరం. మావాడు, వాళ్ల తమ్ముడు కలిసి రెండు రోజులు మోసుకొచ్చారు. నాకో ప్యాకెట్ ఇచ్చాడు, మీవాళ్లు మేక బాగా వండుతారట కదా అని. ఫ్రీజర్‌లో మూడు వారాలుంది. తినాలో వద్దో తేల్చుకోలేకపోయాను. చివరికి పారేస్తే అదింకా అన్యాయం అనిపించి, అల్లం వెల్లుల్లి దట్టించి కుక్కర్‌లో పెట్టాను. మామూలు మటన్‌కి ఆరు విజిల్స్ పెడతాను. దీనికి పన్నెండు పట్టింది. రుచి బాగానే ఉంది. ఒక డబ్బాలో పెట్టి ఆయనకీ తీసుకెళ్లాను. ఒక్క ముక్క తిని, డబ్బా మూసి, ఇంటికి తీసుకెళ్తానన్నాడు.

ఈ ఏడాది వాళ్లమ్మాయి అప్లై చేసింది. ఇంకా తగల్లేదు, తగలడానికి ఎన్నేళ్లో తెలియదు. కానీ ఆయన ఇప్పటి నుంచే తయారు చేస్తున్నాడు. అలాస్కా శాఖ వాళ్ల వెబ్‌సైట్‌లో మగదో ఆడదో గుర్తుపట్టే క్విజ్ ఒకటుంది. లంచ్‌లో ఫోన్ తీసి నాకూ పెట్టాడు. పోతా, ఆడదా? పోతు. తప్పు. ఆడది. తప్పు. సగానికి పైగా తప్పులే. ఇన్ని పేపర్లు చదివి, షీట్ వేసి, ఈ వ్యాసం సగం రాసినవాణ్ని.

ఆయన మాత్రం గబగబా కొట్టుకుంటూ పోయాడు. అన్నీ కరెక్ట్. ఒక ఫొటో దగ్గర ఆగాడు. రాతి అరుగు, ఒంటరి మేక, పక్కకి తిరిగి నిలబడింది. వేలు స్క్రీన్ మీద పైకెత్తి అలాగే ఉంచాడు. ఫోన్ లైట్ తగ్గి, ఆరిపోయింది. మళ్లీ వెలిగించలేదు.